దాదాభాయి, రానడే: దారిద్ర్యమునకు రెండు నిదానములు
(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసము)



మితవాదులనఁగా అర్జీలు వ్రాసికొనుచు ఒకే పాట పాడినవారని మనలో పలువురి తలంపు. దేశార్థిక విషయమున వారు తమలో తామెంత గట్టిగా వాదించుకొనిరో చూచినచో ఈ తలంపు నిలువదు.

భారతీయుని సగటు వార్షికాదాయము 20 రూపాయలని దాదాభాయి నౌరోజీగారు 1876లో లెక్కగట్టిరి. చెఱసాలలో ఖైదీ తిండిబట్టలకగు వ్యయముకంటెను ఇది తక్కువయని సర్కారు కాగితములనుండియే చూపిరి. ఇచటి ధనము జీతములుగా, పింఛనులుగా, వడ్డీలుగా ఏటేట సీమకు తరలిపోవుటయే ఇందులకు మూలమని వారి సిద్ధాంతము. కుండకు చిల్లి యుండఁగా నీరు పోసి ఫలమేమి? 1892లో లిబరలు కక్షి తరపున బ్రిటిషు పార్లమెంటున ప్రవేశించిన పిమ్మటను వారీ మాట విడువలేదు.

మహాదేవ గోవింద రానడేగారును దారిద్ర్యమును కాదనలేదు. భూమిశిస్తు భారము, సైనికవ్యయము, ఉద్యోగములలో దొరలకే అగ్రపీఠము అను విషయములలో ఇరువురికిని భేదము లేదు. కాని 1890లో పూనా పారిశ్రామిక సభలో రానడేగారి పలుకులు నేఁటికిని ఆశ్చర్యము గొలుపును. సీమకు పోవు సొమ్ములో కొంత మనము తెచ్చుకొన్న అప్పునకు వడ్డీ. అంత చవుకగా అప్పిచ్చువాఁడు దొరకినందుకు సంతసింపవలసినదే. కొంత ఇచట తయారుగాని సరకుల వెల. తక్కినదానిని గూర్చియే ఫిర్యాదునకు హేతువు గలదు. అసలు రోగము చేతిపనులు నశించి జనులెల్లరు సేద్యముపైననే పడుట, మూలధనము లేమి, అని వారి వాదము. ఇంగ్లండునకు తగిన అర్థశాస్త్ర సూత్రములు ఎల్ల దేశములకును చెల్లవనియు, పరిశ్రమలకు సర్కారే చేయూత నీయవలయుననియు 1892లో దక్కను కళాశాలలో ఉపన్యసించిరి. జావాలో డచ్చివారి పద్ధతిని మెచ్చుకొనుట మాత్రము నాకు రుచింపదు. రైతుచేత చెఱకును నీలిని బలవంతముగా పండించిన పద్ధతి యది!

సర్కారు చేయూత నీయవలయును, సరియే. ఆ సర్కారు ఎవరికి జవాబుదారీ? ఇచటనే దాదాభాయిగారి చిల్లికుండ మరల అడ్డువచ్చును.

ఈ చిక్కును చక్కగా గ్రహించినవారు రానడేగారి శిష్యుఁడగు గోఖలేగారు. 1911లో శాసనసభయందు విదేశీ చక్కెరపై సుంకమును గూర్చి చర్చ వచ్చినపుడు, గురువు బోధించిన రక్షణనే వారు శంకించిరి. రక్షణలో మంచిదియు చెడ్డదియు గలవు. పగ్గములు మన చేతిలో లేనపుడు చెడ్డదే దాపురించును, లాభము పలుకుబడిగల వర్తకులకు, నష్టము జనసామాన్యమునకు, అని హెచ్చరించిరి. 1932లో చక్కెరకు రక్షణసుంకము వచ్చెను. మిల్లులు విరివిగా వెలసెను, రానడేగారు కోరినట్లే. ఆ మిల్లులకైన ఖరీదును మాత్రము బజారులో చక్కెర కొన్నవాఁడు చెల్లించెను.