క్వాంటమ్ డాట్ మెరుపంతా పైపొరలోనే

పోయిన ఎపిసోడ్‌లో క్వాంటమ్ డాట్ రంగు దాని సైజును బట్టి మారుతుందని చెప్పుకున్నాం. కాడ్మియం సెలినైడ్ డాట్ రెండు నానోమీటర్లుంటే నీలం, ఆరుంటే ఎరుపు. 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ ఈ డాట్ల మీదే వచ్చింది.

అది విన్న మా దేవరకొండ డిగ్రీ పిల్లోడొకడు నన్ను అడిగిండు: "సార్, రంగు సైజుతోనే వస్తే, ఒకే సైజు డాట్లు ఒక సీసాలో ధగధగ మెరుస్తయి, ఇంకో సీసాలో మసకగుంటయి. ఎందుకు?" మంచి ప్రశ్న. ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే.

మూడు నానోమీటర్ల డాట్‌లో ఉండేవి కొన్ని వందల పరమాణువులే. వాటిలో మూడో వంతుకు పైగా ఉపరితలం మీదే ఉంటాయి. లోపలి పరమాణువును నాలుగు వైపులా నలుగురు పట్టుకుని ఉంటారు. పైనున్నదానికి ఒక చెయ్యి ఖాళీ. వెలుగివ్వాల్సిన ఎలక్ట్రాన్ ఆ ఖాళీలో చిక్కుకుంటే, దాని శక్తి వెలుగుగా రాదు, వేడిగా పోతుంది.

ఆ ఖాళీ చేతిని పట్టుకునే అణువునే లిగాండ్ అంటాం. ఎక్కువగా వాడేది ఒలియిక్ ఆమ్లం. మన దగ్గర యాసంగిలో పల్లి వేస్తారు కదా, ఆ పల్లి నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం ఇదే. నూనెలో గ్లిజరాల్‌తో కట్టుబడి ఉంటుంది, ల్యాబ్‌లో విడిగా వాడతాం. దీని తల కాడ్మియాన్ని పట్టుకుంటుంది. 18 కార్బన్ల తోక బయటికి చాచుకుని ఉంటుంది. తోక మధ్యలో ద్విబంధం దగ్గర ఒక వంపు ఉంది. ఆ వంపు వల్ల తోకలు మైనంలా గడ్డకట్టవు, డాట్లు ఒకదానికొకటి అంటుకోకుండా హెక్సేన్‌లో తేలిగ్గా కరుగుతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. డాట్లు తయారయ్యాక మిగిలిన ఒలియిక్ ఆమ్లం పోవాలని ఆల్కహాల్ పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కడుగుతాం. శుభ్రం ఎక్కువైతే మంచిదే కదా అని నాలుగుసార్లు కడిగాను. యూవీ టార్చి వేసి చూస్తే మెరుపు సగానికి సగం పోయింది. ఒలియిక్ ఆమ్లం మళ్లీ కలిపితే పెద్దగా తేడా రాలేదు. కాడ్మియం ఒలియేట్ కలిపినప్పుడు చాలావరకు తిరిగొచ్చింది. కారణం తర్వాత చదువుకున్నాను. కొలంబియా యూనివర్సిటీలో జోనథన్ ఓవెన్ బృందం 2013లో చూపించింది ఇదే: లిగాండ్ ఒంటరిగా ఊడిపోదు, ఉపరితలం మీది కాడ్మియాన్ని వెంటబెట్టుకుని పోతుంది. అంటే నేను కడిగింది మురికిని కాదు, డాట్ చర్మాన్ని!

కాడ్మియం విషం కాబట్టి టీవీలకు ఇండియం ఫాస్ఫైడ్ డాట్లు వచ్చాయి. వీటి ఉపరితలానికి ఆక్సైడ్ పట్టి మెరుపు చంపుతుంది. దాన్ని తీసేది ఫ్లోరైడ్. మన నల్లగొండలో ఆ పేరు వింటేనే మర్రిగూడ వైపు బోరు నీళ్లు, వంగిపోయిన ఎముకలు గుర్తొస్తాయి. అదే ఫ్లోరైడ్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రూపంలో, డాట్‌కు మందయింది. 2019లో శాంసంగ్‌లో యున్‌జూ జాంగ్ బృందం ఇలా ఆక్సైడ్ తీసి, పైన జింక్ పొరలు కట్టి, కరెంటు సులువుగా దిగేలా పొడుగు ఒలియిక్ తోక బదులు ఆరు కార్బన్ల పొట్టి తోక పెట్టింది. ఎల్ఈడీ సామర్థ్యం 21.4 శాతానికి చేరింది. ఈ ఆమ్లం చర్మంలోంచి దిగి కాల్షియాన్ని పట్టేస్తుంది, ప్రాణాలు తీస్తుంది. ఎవరూ ఇంట్లో ప్రయత్నించొద్దు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. రంగు లోపలి సైజుది, మెరుపు పైపొరది. మసక సీసా కనబడితే ముందు అడగాల్సింది, "దీన్ని ఎన్నిసార్లు కడిగారు?" అని.

నూనెలో కరిగే ఈ డాట్‌ను నీళ్లలోకి ఎలా దించాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.