ఉహురు ఆఫ్రికా: ఒక రికార్డు చెప్పిన కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉగాది సభలో నాలుగు మాటలు మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆజ్ఞాపించినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేసుకుంటున్నవాళ్ళము. కవిత్వాన్ని గురించి, పంచాంగాన్ని గురించి చెప్పగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కనుక మేము దూరదేశపు సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాము. అది ఒక గ్రామఫోను రికార్డు కథ. దూరపుదే అయినా అది మన గుమ్మం దాకా వచ్చే కథ అని చివరకు మీకే తోచవచ్చును.

ఆ రికార్డు పేరు "ఉహురు ఆఫ్రికా". ఉహురు అనేది స్వాహిలీ మాట. స్వేచ్ఛ అని దాని అర్థం. 1960 నవంబరులో న్యూయార్కు నగరంలో దీనిని రికార్డు చేసినారు. కూర్చినవారు ర్యాండీ వెస్టన్ అనే పియానో విద్వాంసులు. ఆయన నల్లజాతివారు. 1926లో న్యూయార్కులోని బ్రూక్లిన్ పేటలో పుట్టి, 2018లో తమ 92 ఏళ్ళ వయసులో కాలం చేసినారు. జాజ్ సంగీతంలో పేరు పొందిన మనిషి, ఎత్తు కూడా ఆరున్నర అడుగులకు పైమాటే!

వెస్టన్ తండ్రిగారు పనామా నుండి వలస వచ్చి, బ్రూక్లిన్‌లో ఒక భోజనశాల నడుపుకున్నవారు. ఆయన కుమారునికి చిన్ననాటి నుండి ఒక్కటే మాట నూరిపోసినారట. నీవు అమెరికాలో పుట్టిన ఆఫ్రికావాడివి, ఆ సంగతి మరచిపోకు అని ఆ మాట సారాంశం. ఇంటిలో ఆఫ్రికా పటాలు, ఆఫ్రికా చరిత్ర పుస్తకాలు ఉంచినారు. ఆ రోజులలో బడులలో ఆఫ్రికా అంటే అడవి, అనాగరికం అని చెప్పేవారు. బడి చెప్పినదానిని ఇల్లు సరిదిద్దినది. పిల్లవాడు బంతాట కోసం వీధిలోనికి పరుగెత్తుతుంటే, ఆ తండ్రే పట్టుపట్టి పియానో ముందు కూర్చోబెట్టినారు.

తరువాత 1950 ప్రాంతాలలో వెస్టన్ ఒక కొండప్రాంతపు విడిదిలో వంటశాల పనికి కుదిరినారు. అక్కడ వేసవిలో మార్షల్ స్టెర్న్స్ అనే ఆచార్యులు జాజ్ చరిత్రను గురించి ఉపన్యాసాలు ఇచ్చేవారు. జాజ్ వేళ్ళు పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నాయని ఆయన నిరూపిస్తూ ఉంటే, వెస్టన్ విని తండ్రి మాటకు సాక్ష్యం దొరికినదని సంతోషించినారు. కష్టం చేసుకునే మనిషికి కూడా విద్య ఏ మూల నుండి వస్తుందో చెప్పలేము గదా!

ఇక్కడ కొంచెం వెనుకటి చరిత్ర చెప్పాలి. ఆఫ్రికా నుండి సంకెళ్ళతో తెచ్చిన బానిసల చేతులలో డోలు ఉంటే యజమానులకు భయం. డోలుతో ఒకరికొకరు కబురు పంపుకుంటారని ఆ భయం. 1739లో దక్షిణ కెరొలినాలో బానిసలు తిరగబడినారు. మరుసటి ఏడు, 1740లో, వారు డోళ్ళు, కొమ్ములు వాయించరాదని అక్కడ చట్టం చేసినారు. డోలు పోయినా తాళం పోలేదు. చేతి చప్పట్లలోనికి, కాలి దరువులోనికి, దేవాలయపు పాటలలోనికి అది పోయి దాక్కున్నది. న్యూ ఆర్లీన్సు పట్టణంలో మాత్రం కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు కూడి ఆడుకొనుటకు వారికి అనుమతి ఉండేది. జాజ్ పుట్టినది ఆ పట్టణంలోనే.

1960 సంవత్సరంలో ఆఫ్రికాలో 17 దేశాలు స్వతంత్రమైనవి. అక్టోబరు 1న నైజీరియా జెండా ఎగిరినది. అదే ఏడు మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు నిరాయుధులైన జనం మీద కాల్పులు జరిపి 69 మందిని చంపినారు. ఒక ప్రక్క ఆనందం, ఒక ప్రక్క రక్తం. ఆ సంవత్సరంలోనే వెస్టన్ ఈ రికార్డు చేసినారు.

ఆఫ్రికాలో ఎన్నో వందల భాషలు. ఏ భాషలో పలికితే అందరి తరపున పలికినట్లు? వెస్టన్ ఐక్యరాజ్య సమితిలో ఉన్న ఆఫ్రికా ప్రతినిధులను కలుసుకొని అడిగినారు. స్వాహిలీ బాగుంటుందని వారు చెప్పినారు. టాంగన్యీకా దేశస్థుడు టున్‌టెమెకె సాంగా ఆ రికార్డులో స్వాహిలీలో పలికినారు. ఆయన దేశానికే అప్పటికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. అది 1961 డిసెంబరులో వచ్చినది. పాటల మాటలు వ్రాసినవారు ప్రసిద్ధ కవి లాంగ్‌స్టన్ హ్యూస్. ఇరవై మందికి మించిన వాద్యబృందానికి స్వరాలు అమర్చినవారు మెల్బా లిస్టన్ అనే విదుషీమణి. ట్రాంబోన్ అనే పెద్ద ఇత్తడి వాద్యాన్ని వాయించే స్త్రీలు ఆ రోజులలో బహు అరుదు. ఆమెకు 1985లో పక్షవాతం వచ్చి చేయి స్వాధీనం తప్పినా, కంప్యూటరు సహాయంతో మరల వెస్టన్ కోసం స్వరాలు అమర్చినారు. మన ఆడపడుచులు ఈ పేరు గుర్తుంచుకోదగినది.

రికార్డులో నాలుగు భాగములు. మొదటిది "ఉహురు క్వాన్జా", అనగా ముందు స్వేచ్ఛ. అది డోళ్ళతోను పలుకులతోను మొదలవుతుంది. రెండవది "ఆఫ్రికన్ లేడీ". మార్తా ఫ్లవర్స్, బ్రాక్ పీటర్స్ పాడినారు. ఇల్లు నిలబెట్టిన తల్లులకు అది నమస్కారం. మూడవది "బాంటు". నాలుగవది "కుచేజా బ్లూస్". కుచేజా అంటే ఆడుట. ఆఫ్రికా అంతా విముక్తమైన నాడు జరుపుకోవలసిన పండుగను ముందుగానే ఊహించి కూర్చినది.

వినేటప్పుడు దేనిని గమనించాలి? మొదట డోళ్ళను గమనించండి. నైజీరియా నుండి వచ్చిన బాబాతుండే ఓలాతుంజీ, క్యూబా దేశస్థులు కాండిడో, అర్మాండో పెరాజా, అమెరికాకు చెందిన మాక్స్ రోచ్, వీరందరూ ఒకే చోట వాయించినారు. మూడు వేరు తీరాలలో పడిన ఒకే తాత మనుమలు ఒక ఇంట కలుసుకున్నట్లు ఉంటుంది. ఒకరు మూడు లెక్కిస్తే, ఇంకొకరు నాలుగు లెక్కిస్తారు. అయినా ఎవరూ తప్పిపోరు. ఆ తరువాత ఒక వాద్యం పలికితే మిగిలినవి బదులు పలుకుటను గమనించండి. మన భజనలో ఒకరు అందిస్తే పదిమంది అందుకున్నట్లే. ఇప్పుడు ఇది చేతిలోని ఫోనులోనే దొరుకుతుంది గనుక ఎవరైనా వినవచ్చును.

1964లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ రికార్డును నిషేధించినది. పియానోకు, డోలుకు తుపాకులున్న ప్రభుత్వం భయపడినది! ఇక్కడే కథ మన గుమ్మానికి వస్తున్నది. ఆ దేశంలో మనవారున్నారు. 1860 నవంబరులో, అనగా ఈ రికార్డుకు సరిగ్గా నూరేళ్ళ ముందు, అదే నెలలో, మద్రాసు నుండి "ట్రూరో" అనే ఓడ డర్బన్ రేవు చేరినది. చెరకు తోటల కూలికి ఒప్పందం వ్రాసి వెళ్ళిన తొలి ఓడ అది. 1911 వరకు అలా లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు నేటాలుకు వెళ్ళినారు. వారిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువారు ఎందరో. వర్ణవివక్ష చట్టాలు వారినీ విడువలేదు. 1950 నాటి చట్టంతో ఏ జాతివారు ఏ పేటలో ఉండవలెనో ప్రభుత్వమే గీత గీసినది. అటువంటి చోట కూడా వారు 1931లోనే ఆంధ్ర మహాసభ స్థాపించుకొని, తెలుగు పాఠాలు, పండుగలు నిలుపుకుంటూ వచ్చినారు.

మేము పోలిక ఎక్కువ లాగదలచలేదు. ఆఫ్రికావారు సంకెళ్ళతో వచ్చినవారు. మన తాతలు ఉద్యోగం కోసమో, మగ్గం కోసమో, వ్యాపారం కోసమో రైలెక్కి వచ్చినవారు. మనలను ఎవరూ డోలు వాయించవద్దని శాసించలేదు. మన పిల్లలను తెలుగు మాట్లాడవద్దని ఏ ప్రభుత్వమూ చట్టం చేయలేదు. అయినా ఇంట్లో పిల్లవాడు అమ్మను పలకరించేది ఏ భాషలోనో మీరందరూ ఎరుగుదురు. శాసనం చేయలేని పనిని అశ్రద్ధ చేస్తున్నది.

ఇంకొక మాట. వెస్టన్ పాతదానిని పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. అమెరికా జాజ్‌ను విడువలేదు, ఆఫ్రికాను మరువలేదు. 1961లోను, 1963లోను నైజీరియాకు వెళ్ళినారు. తరువాత మొరాకోలో నివసించి, ఎన్నడో బానిసలుగా అక్కడికి తేబడిన నల్లవారి సంతతియైన గ్నావా గాయకుల వద్ద కూర్చుని నేర్చుకున్నారు. మనము కూడా ఈ ఊరి భాషను, ఈ ఊరి పండుగలను ప్రేమిస్తూనే మనదానిని నిలుపుకోవచ్చును. రెండు కళ్ళున్నవాడు ఒకటి మూసుకోనక్కరలేదు.

కనుక కార్యవర్గానికి మా మనవి. హాజరు తగ్గినదని ఆదివారపు తెలుగు తరగతిని ఎత్తివేయాలన్న ఆలోచన మానుకోవలెను. ఐదుగురు పిల్లలున్నా చాలును. బ్రూక్లిన్‌లో ఆ తండ్రి బోధించినది ఒక్క పిల్లవానికే. వారానికి ఒక గంట పాఠం చెప్పుటకు మా రైల్వే మిత్రులము వంతులు వేసుకొని సిద్ధంగా ఉన్నాము. ఇండ్లలో తల్లిదండ్రులు పూనుకొని పిల్లలను పంపితే అదే మాకు పదివేలు.