మన మాటలు దొంగచాటుగా వింటే ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

(షోలాపూర్‌లో జరిగిన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు గేటు మీటింగులో మనం మాట్లాడిన మాట యాజమాన్యానికి చేరాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. వాడెవడో పది రోజుల్లో మనకు తెలిసిపోయేది. ఇవాళ ఆ మనిషితో పని లేదు. మన జేబులోని ఫోనే ఆ పని చేయగలదు. బోనస్ చర్చల ముందురోజు రాత్రి వాట్సాప్‌లో మనం అనుకున్న మాట తెల్లారేసరికి ఆఫీసు బల్ల మీద ఉంటోందని రెండు మూడు ఖాతాల నుంచి మనవాళ్లు మొర పెట్టుకున్నారు. మాట బయటికి పోగానే మనం ఏం చేస్తున్నాం? పక్క సాంచా మీద పనిచేసేవాణ్ణి అనుమానిస్తున్నాం. ఐక్యత తెగేది అక్కడే. అందుకే నిందలు మాని, చట్టంలో దారులు ఏమున్నాయో తెలుసుకుందాం.

మొదట తేల్చుకోవలసింది, వింటున్నది సర్కారా, ప్రైవేటు మనిషా అని. రెంటికీ దారులు వేరు.

సర్కారుకు వినే అధికారం ఉంది. ఫోన్లకు పూర్వం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉండేది, ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ఇంటర్నెట్‌కు 2000 నాటి ఐ.టి. చట్టంలో 69వ సెక్షను ఉంది. అయితే ఆ అధికారానికి కళ్లెం కూడా ఉంది. 1996 డిసెంబరు 18న పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ కళ్లెం వేసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. ఒక ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు. ఉత్తర్వులను ఒక సమీక్షా సంఘం పరిశీలించాలి. రాష్ట్రంలో దానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే గొంతుతో గోప్యత మన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు.

కానీ మిత్రులారా, ఒక చిక్కుంది. మీ ఫోను విన్నామని సర్కారు మీకు చెప్పదు. సమీక్షా సంఘంలో ఉండేదీ సర్కారు అధికారులే. అక్కడ మన వాదన వినిపించే ఏర్పాటు నిబంధనల్లో లేదు. కాబట్టి సర్కారు మీద అసలైన ఫిర్యాదు చోటు హైకోర్టే, రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయాలి. ఇది కాగితం మీది మాట కాదు. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో సి.బి.ఐ. కోసం ఇచ్చిన మూడు ట్యాపింగ్ ఉత్తర్వులను కొట్టేసి, రికార్డులను నాశనం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టూ అటువంటి ఉత్తర్వునే రద్దు చేసింది. 2025 ఆగస్టు నుంచి కొల్హాపూర్‌లో బొంబాయి హైకోర్టు బెంచి కూర్చుంటోంది. మన జిల్లా దాని కిందికే వస్తుంది. ముంబయి దాకా పోనక్కరలేదు.

ఇక ప్రైవేటు మనిషి సంగతి. యజమాని గానీ, సూపర్‌వైజరు గానీ, ఇంకెవరు గానీ మన అనుమతి లేకుండా మన సొంత ఫోనులో చొరబడే హక్కు ఎవరికీ లేదు. సందేశాలను చట్టవిరుద్ధంగా దారిలో పట్టి వింటే, 2023 చట్టం 42వ సెక్షను ప్రకారం మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. ఫోనులోకి దురుద్దేశంతో చొరబడితే ఐ.టి. చట్టం 66వ సెక్షను ఉంది.

ముందు పోలీసు స్టేషనుకు గానీ సైబర్ స్టేషనుకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఐ.టి. చట్టం కేసును ఇన్‌స్పెక్టరుకు తక్కువ కానివారే దర్యాప్తు చేయాలి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్.పి.కి, నగరంలో కమిషనరుకు పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకు. ఇటువంటి చొరబాటును జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. నష్టపరిహారం కావాలంటే రాష్ట్ర ఐ.టి. శాఖ కార్యదర్శి దగ్గర దావా వేయాలి. ఐదు కోట్ల దాకా విచారించే అధికారం ఆయనకు ఉంది.

సాక్ష్యం లేనిదే ఏ తలుపూ తెరుచుకోదు. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడండి. మీది కాని కంప్యూటరు పేరు కనిపిస్తే, తీసేసే ముందు ఫోటో తీయండి. తేదీ, సమయం రాసుకోండి. మీ ఫోను ఎవరి చేతికి, ఎప్పుడు ఇచ్చారో గుర్తు చేసుకోండి. అనుమానం రాగానే ఫోను మొత్తం తుడిచేయవద్దు.

వకీలు ఖర్చుకు భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షనులో పారిశ్రామిక కార్మికుడికి ఉచిత న్యాయ సహాయం హక్కుగా రాసి ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవల సంస్థ ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

మనం అడిగేది జీతం, బోనస్, గౌరవం. ఇందులో దాచవలసిన తప్పేమీ లేదు. అయినా మనలో మనం మాట్లాడుకునే చోటు మనదిగా ఉండాలి. ఆ చోటు పోతే సంఘమే పోతుంది. అనుమానం ఉన్నవాళ్లు ఫోటోతో, తేదీతో యూనియన్ ఆఫీసుకు రండి. అర్జీ మనమంతా కలిసి రాద్దాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!