ఏ బొమ్మల పుస్తకం కొందాం?

అక్కలారా, అమ్మలారా!

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దారు. ఇప్పుడు మన అర్ధవీడు కేంద్రానికి బొమ్మల కథల పుస్తకాలు కొందాం.

మన దగ్గర 200 రూపాయలే ఉన్నాయి. అవి మీ కూలి డబ్బులు. అట్ట మెరుపు చూసి మోసపోవద్దు. పుస్తకం తెరవండి. ఒక పుట పైకి చదవండి. అక్షరం పెద్దగా ఉందా? బొమ్మ చూస్తే కథ తెలుస్తోందా?

200 రూపాయల పుస్తకమైతే ఒక్కటే వస్తుంది. 50 రూపాయలవైతే నాలుగు వస్తాయి. ఒకరు చదివాక ఇంకొకరికి ఇవ్వొచ్చు.

1947 జూలైలో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. వచ్చినన్నాళ్లూ ఒక్క పుస్తకాన్ని ఇంటిల్లిపాదీ చదివేవాళ్లు. మనకూ అలా చేతులు మారే పుస్తకాలే కావాలి.

ఇన్నాళ్లూ ఎవరో చదివితే విన్నారు. ఈసారి మీరే చదవండి. ఏది కొనాలో మీరే చెప్పండి.