వీలునామా లేని మరణము - దాయవిభాగము



మన సభలలో విద్యార్థి వసతిగృహములగూర్చియు వివాహవ్యయములగూర్చియు ఏటేట ప్రసంగించుచున్నాము. గృహస్థుడు మరణించినపిదప అతని ఆస్తి ఎవరికి చెందవలయునను ప్రశ్నను మాత్రము అమంగళమని ఎవ్వరును ఎత్తరు. ఎత్తకుండుటచే మరణము ఆగదు. తోబుట్టువుల నడుమ దావాలు మాత్రము పెరుగును. కావున నేడు మేమీ విషయమునే విన్నవింప నిశ్చయించితిమి.

స్వామితోడి సంబంధమాత్రముననే మరియొకరికి సంక్రమించు ధనమే దాయమని మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు నిర్వచించెను. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయగు ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. ఆ మతమున పిత్రార్జితమునందు కుమారునకు జన్మచేతనే స్వత్వము గలదు, కుమార్తెకు లేదు. 1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్తృభాగము నిచ్చినను, అది పరిమితమగు హక్కు మాత్రమే. 1956 జూన్ 17వ తేదీన అమలునకు వచ్చిన హిందూ వారసత్వ చట్టము ఆ పరిమితిని తొలగించి, స్త్రీని తన ఆస్తికి సంపూర్ణస్వామినిగా జేసెను.

ఈ చట్టము ననుసరించి, వీలునామా వ్రాయక మరణించిన పురుషుని స్వార్జితము ఎట్లు పంచబడునో చూతము. అతనికి తల్లి, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె గలరనుకొందము. ఆస్తి 5 సమభాగములగును. ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగము. కుమార్తె వివాహితయైనను భాగము తగ్గదు. వృద్ధయగు తల్లి భాగమును పలువురు మరచుచున్నారు, చట్టము మరువలేదు.

ఇక ఉమ్మడి ఆస్తి. 1985 సెప్టెంబరు 5వ తేదీకి అవివాహితలై యున్న కుమార్తెలకు అందు జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో ప్రసాదించెను. 2005 సెప్టెంబరు 9వ తేదీ మొదలు దేశమంతటను కుమార్తెలు, వివాహితలు సైతము, కుమారులతో సమానులైరి. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కర లేదని 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వమే రిజిస్టరు పత్రముచేతగాని కోర్టు డిక్రీచేతగాని జరిగిన విభాగములు మాత్రము చెదరవు.

ఇట్లుండగా, పెద్దకర్మకు వచ్చిన ఆడపడుచుచే, కన్నీరారకముందే, కాగితములపై సంతకము చేయించు వాడుక కొన్ని ఇండ్ల గలదు. "పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా" యని సమాధానము. పెండ్లినాటి కానుక దాయహక్కును హరింపదు. తెలిసి, ఇష్టపడి విడిచిన ఆమె ఔదార్యము. తెలియనీయక విడిపించిన అది అపహరణము.

స్త్రీలకు మరియొక హెచ్చరిక. సంతానము లేని వితంతువు వీలునామా లేక మరణించినచో, ఆమె స్వార్జితము కన్నవారికి గాక ముందుగా భర్త వారసులకే చెందును. పెండ్లియైన మూడు నెలలకే వితంతువై, అత్తవారింటినుండి వెడలగొట్టబడి, పుట్టినింట చదువుకొని ఉద్యోగము చేసిన యొక స్త్రీ ధనము సైతము భర్త వారసులకే చెందునని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆమెను ఆదరించిన పుట్టినింటికి ఏమియు దక్కలేదు. రెండు పంక్తుల వీలునామా దీనిని మార్చి యుండెడిది.

వీలునామా వ్రాయుట కష్టము కాదు. స్వస్థచిత్తుడై వ్రాసి సంతకము చేయవలయును. ఇద్దరు సాక్షులు ఆ సంతకమును చూచి, వ్రాసినవాని యెదుటనే తామును సంతకములు చేయవలయును. సాక్షి ఒక్కడే యైనచో అది చెల్లదు. స్టాంపు కాగితము అవసరము లేదు. రిజిస్ట్రేషను విధి కాదు, కాని మేలు. ఆస్తి పొందువాడు గాని వాని భార్య గాని సాక్షిగ నుండకుండుట వివేకము. బ్యాంకులో నామినీగ వ్రాయబడినంత మాత్రమున ఎవడును ఆ ధనమునకు స్వామి కాడు; అతడు దానిని పుచ్చుకొని వారసులకు అప్పగించవలసినవాడే.

విజ్ఞులారా! ఇండ్లకు మరలినపిదప మీ పత్రములను ఒకచోట చేర్చుడు. వాని నునికిని భార్యకు దెలుపుడు. కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టి ఆమె భాగమెంతయో చెప్పుడు. తండ్రి నోట విన్న మాటను అన్నదమ్ములు కాదనుట అరుదు. ఆస్తి చీలినను అనుబంధము చీలకుండుటయే దాయవిభాగమునకు ఫలమని మా విన్నపము.