కొహోబా ఏ చెట్టు?
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



తుమ్మచెట్టును మీరందరు నెరుగుదురు. ముట్టిన ముడుచుకొను అత్తిపత్తియు దాని చుట్టమే. ఆ కుటుంబమునకే చెందిన అనాడెనాంథెరా యను వృక్షప్రజాతి దక్షిణ అమెరికాలోను, కరేబియను ద్వీపములలోను కలదు. ఇందు రెండే జాతులు. సన్నని యాకులు, బంతులవంటి పూగుత్తులు, పొడవైన బల్లపరుపు కాయలు. బెరడు తోళ్లు పదును చేయుటకు పనికివచ్చును. ఇందును అది తుమ్మకు సాటియే. గింజలలో మాత్రము మనస్సును తారుమారు చేయు బుఫోటెనిన్ అను పదార్థము కలదు. గరుకు చర్మపు కప్పలలో మొదట కనుగొనుటచే, లాటినులో ఆ కప్ప పేరే దీనికి వచ్చినది. గింజలనుండి దానిని 1954లో వేరుచేసిరి.

నేను చెప్పదలచినది రసాయనము కాదు. ఈ చెట్టు నాలుగు వందల యేండ్లు గుర్తు తెలియక పోయిన సంగతి.

1493లో బయలుదేరిన రెండవ యాత్రలో కొలంబసు వెంట రామోన్ పానే యను సన్న్యాసి హిస్పానియోలా ద్వీపమునకు పోయెను. ద్వీపవాసులైన తైనోల మతాచారములను తెలిసికొని వ్రాయుమని కొలంబసు అతని కాజ్ఞాపించెను. ఆ పెద్దలు కొహోబా యను పొడిని ముక్కుతో పీల్చి, తమ దేవతలతో మాటలాడి, యుద్ధమునందు జయమగునా, రోగి బ్రతుకునా యని యడుగుచుండిరట. ఇది వేడుక పని కాదు. ముందుగా కడుపు ఖాళీ చేసికొనుటకై వారు చెక్కిన యెముక గరిటెలు నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవి. బాలలారా, తెలియని గింజను నోటను ముక్కునను పెట్టరాదని ఈ సందర్భముననే మీకు గట్టిగా చెప్పుచున్నాను.

పానే వ్రాసిన మూలము పోయినది. 1571లో వెనిసు నగరమున ముద్రితమైన ఇటాలియను అనువాదమే మిగిలినది. అంతకు ముందే మశూచికము, వెట్టిచాకిరి తైనోలలో పెక్కుమందిని పొట్టన పెట్టుకొనెను. వారి భాషయు నశించెను. “ఇది ఏ చెట్టు గింజ?” అని యడుగుటకు ఆ మాట నెరిగినవారు లేరైరి. పండితులు కొహోబా యనగా పొగాకే యని తీర్మానించుకొనిరి. పుస్తకమునుండి పుస్తకమునకు ఆ పొరపాటు ప్రాకెను. 1916లో శాఫర్డు అను అమెరికను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని సరిదిద్దెను.

అతనికి దారిచూపినవి దక్షిణ అమెరికా ఖండమునందలి యాచారములు. 1800లో ఒరినోకో నదీతీరమున హంబోల్టు ఓటోమాకు జనులను చూచెను. వారు ఈ చెట్టు కాయలను తడిపి, పులియబెట్టి, నల్లబడిన పిదప కర్రపెండలపు పిండితోను, నత్తగుల్లల సున్నముతోను కలిపి, చిన్న రొట్టెలుగా కాల్చి, పొడిచేసి, చీలిన పక్షి యెముకతో పీల్చుచుండిరి. ఇంత శ్రద్ధగా వర్ణించిన ఆ మహానుభావుడు మత్తుకు కారణము సున్నమే యని భ్రమపడెను! పూర్తిగా తప్పనియు ననజాలము. సున్నము లేని తాంబూలము పట్టదని మన యిండ్లలోని పెద్దలందురు గదా. వక్కలోని సారమును విడదీయునట్లే, ఈ గింజల సారమును గూడ సున్నము విడదీయును. ఓటోమాకులకు ఆ పని తెలియును. కారణమును వివరించుటకు రసాయనశాస్త్రము తరువాత వచ్చెను.

1854లో అదే నదీప్రాంతమున రిచర్డు స్ప్రూసు అను ఆంగ్లేయుడు గింజలను, పొడిచేయు పరికరములను సేకరించి ఇంగ్లండునకు పంపెను. గింజలను పరీక్షింప వలెననియే అతని యుద్దేశము. అవి కియూ ఉద్యానమున పెట్టెలో నుండిపోయెను. స్ప్రూసు గతించెను, పిదప రెండు ప్రపంచయుద్ధములు జరిగెను. నూటయిరువది యేండ్లు దాటిన పిమ్మట రసాయనజ్ఞులు ఆ పాత గింజలనే పరీక్షించి, 1977లో ఫలితమును ప్రకటించిరి. బుఫోటెనిన్ ఇంకను వాటిలో నుండెను.