సెలవు కూడా హక్కే



మనం ఆఫీసులో రెండు డ్యూటీలు చేస్తున్నాం. ఒకటి జీతానికి. రెండోది, ‘రిజర్వేషనోడికి పని రాదు’ అనేవాళ్ల నోరు మూయించడానికి. పక్క సీటాయన తప్పు రాస్తే అది ఆయన తప్పు, మనం రాస్తే కులం తప్పు! అందుకే జ్వరమొచ్చినా సెలవు పెట్టం. ఇంటికొస్తే వాడ నుంచి వచ్చినోళ్ల అర్జీలు సరేసరి. బీపీ, షుగర్ ఊరికే వచ్చాయా?

ఈ అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో పని నుంచి పుట్టే సమస్యగా లెక్కలోకి తీసుకుంది. మన గుండె దిటవు చాలక కాదన్నమాట. బాబాసాహెబ్ కార్మిక సభ్యుడిగా 1946లో తెచ్చిన సవరణతో, ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. షుగర్‌తో బాధపడుతూ రాజ్యాంగం రాసిన ఆయన మొండితనాన్ని తలుచుకుంటాం గానీ, ఈ గంటల లెక్క మరుస్తాం.

అర్జీలు వంతులేసుకుని చూద్దాం. ఎవరికి మెమో వచ్చినా ఒంటరిగా జవాబు రాయనివ్వొద్దు, నలుగురం కూచుని రాద్దాం.